చీకట్లో కూలిన చెట్టును చూసినవాళ్లు

జ్ఞాపకం ఎంత స్పష్టంగా ఉంటే అంత నిజమని మన నమ్మకం. ఊళ్లో పెద్దమనుషుల తగవుల నుంచి ఇంట్లో అన్నదమ్ముల వాటాల దాకా అన్నీ దీని మీదే నడుస్తాయి. "నా కళ్లతో చూశాను, ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది" అని ఎవరైనా అన్నారంటే ఇక ఎదుటివాడు నోరు మూసుకోవలసిందే. నేను మాత్రం నోరు మూసుకోదలచుకోలేదు. కళ్లకు కట్టినట్టుండడం మెదడు ఈ క్షణంలో బొమ్మను బాగా కట్టిందనడానికి గుర్తు. ఆ రోజు జరిగినదానికి అది సాక్ష్యం కాదు.

మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు సముద్రం పక్కగా సాగే కొబ్బరి, జీడి తోటల సీమ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉండి ఉండి 165 దాకా. తరాలుగా కాపు కాసిన తోటలు ఆ పూటతో నేలమట్టమయ్యాయి. మా వైపు ఎవరిని కదిపినా ఆ రాత్రి గురించి చెబుతారు. చెప్పేవాళ్లలో చాలామంది చెట్లు కూలడం చూశామంటారు.

మా పెద్దమ్మ సంగతే చెబుతాను. వాళ్ల నూతి గట్టు పక్కన ఆమె మామగారు నాటిన కొబ్బరి చెట్టు ఒకటి ఉండేది. అది కూలడం తాను చూశానంటుంది. మొదట తల దక్షిణానికి తిరిగిందట. ఒక్క క్షణం ఆగిందట. ఆ తరువాత మొదలు దగ్గర మట్టి పెళ్లగిల్లి, గెలలతో సహా నూతి గట్టు మీద పడిందట. చెప్పేటప్పుడు కుడి మోచేతిని మోకాలి మీద ఆనించి, చేతిని నిటారుగా పెట్టి, మెల్లగా వంచి చూపిస్తుంది. "ఎక్కడి నుంచి చూశావమ్మా?" అని అన్నయ్య ప్రతిసారీ అడుగుతాడు. వెనక గది కిటికీలోంచి అంటుంది. గొళ్లెం ఊడిపోతుందేమోనని రాత్రి భోజనాలు కాగానే ఆ కిటికీ రెక్కలు మూసి, అడ్డంగా చెక్క కొట్టింది తానేనని అన్నయ్య వాదన. "అయితే చెక్క సందులోంచి చూశాను" అంటుంది పెద్దమ్మ. "కరెంటు పోయింది, తెల్లారలేదు, సందులోంచి ఏం కనిపిస్తుంది?" అని అన్నయ్య. ఒకసారి వదిన అత్తగారిని ఆదుకుందామని "మెరుపు వెలుగులో చూసి ఉంటారులెండి" అంది. ఇప్పుడు పెద్దమ్మ చెప్పే కథలో మెరుపు కూడా ఉంది.

తెల్లవారాక కూడా గాలి తగ్గలేదు కాబట్టి కొన్ని చెట్లు పట్టపగలే పడ్డాయి, వాటిని నిజంగానే చూసినవాళ్లున్నారు. నా మాట రాత్రి పడిన చెట్ల గురించి, మూసిన తలుపుల వెనక నుంచి చూసినవాళ్ల గురించి. వాళ్లు అబద్ధం చెబుతున్నారని అనను. అబద్ధమాడే మనిషికి తాను కల్పిస్తున్నానని తెలుస్తుంది. పెద్దమ్మకు నిజంగానే చెట్టు కనిపిస్తోంది. ఎక్కడ కనిపిస్తోందన్నదే ప్రశ్న.

ముందు చూపు సంగతి. ఎదురుగా ఉన్న దృశ్యం మెదడు వెనుక భాగంలోని తొలి దృశ్య కేంద్రానికి చేరినప్పుడు అక్కడ పటంలా పరుచుకుంటుంది. బయట పక్కపక్కన ఉన్నవి అక్కడా పక్కపక్క కణాలనే కదిలిస్తాయి. అక్కడ ఒక్కో కణం చూపులో చాలా చిన్న మేరనే కనిపెట్టుకుని ఉంటుంది. ఆ కేంద్రం దాటి ముందుకు పోయే కొద్దీ కణం చూసుకునే మేర పెరుగుతుంది. గీతలు అంచులవుతాయి, అంచులు ఆకారాలవుతాయి, చివరికి అది చెట్టని, ఇది మనిషి ముఖమని తేలుతుంది. దారి పొడవునా వివరం పలచబడుతూ అర్థం చిక్కబడుతుంది. అలా చిక్కబడిన సరుకే కణతల లోపలి వైపు, రెండు పక్కలా ఉండే హిప్పోకాంపస్‌కు చేరుతుంది. ఎవరు, ఎక్కడ, ఏ పూట, ఏ చప్పుడు అన్నవాటిని ఒక ముడిగా వేయడం దాని పని. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించడానికి రెండు వైపులా ఆ భాగాన్ని చాలా వరకు తీసేశారు. ఆయన చూపు పోలేదు, మాట పోలేదు, తెలివి తగ్గలేదు. కానీ 2008లో చనిపోయే దాకా, అప్పుడే గదిలోంచి వెళ్లిన మనిషి తిరిగి వస్తే కొత్తవాడినే చూసినట్టు చూశారు. ముడి వేసేది లేకపోతే చూసినది చూసినప్పుడే చెదిరిపోతుందని ఆయన వల్లే లోకానికి బాగా తెలిసింది.

గుర్తు తెచ్చుకున్నప్పుడు ఆ ముడిని ఒక కొస పట్టి లాగుతాం. "తిత్లీ" అన్న మాట చాలు, మిగతా పోగులు కదులుతాయి. హిప్పోకాంపస్ నుంచి కబురు వెనక్కి, దృశ్య కేంద్రాల వైపు ప్రయాణిస్తుంది. 2000లో వీలర్, పీటర్సన్, బక్నర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు కొందరికి కొన్ని మాటలను బొమ్మలతో, కొన్నిటిని చప్పుళ్లతో జోడించి నేర్పారు. తరువాత మాట ఒక్కటే ఇచ్చి గుర్తు తెచ్చుకోమన్నారు. బొమ్మ గుర్తొచ్చినప్పుడు చూపుకు సంబంధించిన భాగాలు, చప్పుడు గుర్తొచ్చినప్పుడు వినికిడి భాగాలు మళ్లీ మేలుకున్నాయి. ఇంతవరకు విన్నవారు జ్ఞాపకమంటే పాత రీలును మళ్లీ ఆడించడమేననుకుంటారు. కానీ ఆ ప్రయోగంలోనే ఒక మెలిక ఉంది. చూసినప్పుడు పనిచేసిన భాగాలన్నీ గుర్తు తెచ్చుకున్నప్పుడు లేవలేదు, వాటిలో కొన్నే లేచాయి.

ఆ మెలికను 2022లో సెరా ఫావిలా, బ్రైస్ కూల్, జొనాథన్ వినవర్ పట్టుకున్నారు. తెర మీద ఒక్కో చోట ఒక్కో బొమ్మ పెట్టి, అది చూస్తున్నప్పుడు దృశ్య కేంద్రాలు ఎంత మేరకు స్పందిస్తాయో, తరువాత దాన్ని గుర్తు తెచ్చుకున్నప్పుడు ఎంత మేరకు స్పందిస్తాయో కొలిచారు. చూస్తున్నప్పుడు తొలి కేంద్రంలో స్పందన సన్నగా, సూటిగా ఉండి, పై అంచెలకు పోయే కొద్దీ వెడల్పవుతుంది. అది అనుకున్నదే. గుర్తు తెచ్చుకున్నప్పుడు మాత్రం తొలి కేంద్రంలో కూడా వెడల్పుగానే ఉంది. చోటు సరైనదే, అంచులు మాత్రం చెరిగిపోయాయి. ఎందుకో ఊహించడం కష్టం కాదు. కబురు ఈసారి కంటి నుంచి రావడం లేదు, పై నుంచి దిగి వస్తోంది. పై అంచెలో ఇప్పటికే పోయిన సన్నని వివరం కిందికి దిగాక మళ్లీ ఎక్కడి నుంచి పుట్టుకొస్తుంది?

అంతకు మూడేళ్ల ముందు, 2019లో, మారియా వింబర్ బృందం ఇదే సంగతిని కాలంలో కొలిచింది. ఒక వస్తువు బొమ్మను చూసినప్పుడు అది ఫొటోనా, గీత బొమ్మా అన్నది ముందు తెలుస్తుంది. ప్రాణం ఉన్నదా లేనిదా అన్నది తరువాత. గుర్తు తెచ్చుకున్నప్పుడు ఇది తలకిందులైంది. ప్రాణి అన్న సంగతి ముందు తట్టింది, ఫొటోనా గీతా అన్నది వెనక వచ్చింది. చూపు పైపై రూపం నుంచి అర్థానికి పోతే, జ్ఞాపకం అర్థం నుంచి రూపానికి వస్తుందన్నమాట.

మా వైపు జముకుల కథ విన్నవారికి ఇది కొత్తగా తోచదు. కథకుడికి కథ వెన్నెముక తెలుసు. ఎవరు ఎవరిని చంపారో, ఎవరు ఎక్కడ ఏడ్చారో మారదు. జముకు మోగుతుండగా మాటలు మాత్రం ఆ పూటకు ఆ పూట పుడతాయి. ముందు రోజు చెప్పినది అక్షరం పొల్లుపోకుండా చెప్పానని ఆయనే అంటాడు, వినేవాళ్లూ ఒప్పుకుంటారు. పెద్దమ్మ మెదడులోనూ ముందు లేచేది "చెట్టు పోయింది" అన్న అర్థమే. ఏ చెట్టు, ఏ వైపు అన్నది తరువాత. అంచులు కావలసి వచ్చినప్పుడు మెదడు దగ్గర సరుకు బోలెడు ఉంది: తెల్లవారాక నూతి గట్టు మీద పడి ఉన్న చెట్టు, పగటిపూట పక్కింటి తోటలో కూలినది, వారాల తరబడి టీవీలో ఊగిన చెట్లు, అన్నయ్య ఫోనులో తిప్పి తిప్పి చూసిన వీడియోలు. రాత్రి ఆమె నిజంగా విన్నది పెద్ద చప్పుడు. ఆ చప్పుడుకు బొమ్మ తరువాత వచ్చి చేరిందని నా అనుమానం.

బొమ్మ గుర్తు తెచ్చుకున్న క్షణంలోనే తయారవుతుందనడానికి నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్ష్యం 1978 నాటిది. ఇటలీలోని మిలాన్‌లో బిసియాక్, లుజాట్టి అనే ఇద్దరు, మెదడు కుడి పక్క దెబ్బతిన్న ఇద్దరు రోగులను పరీక్షించారు. అలాంటివారిలో చాలామంది తమ ఎడమ వైపున్న లోకాన్ని పట్టించుకోరు. ఊళ్లోని పెద్ద చర్చికి ఎదురుగా, చౌకు అవతలి కొసన నిలబడ్డట్టు ఊహించుకుని చుట్టూ ఏమున్నాయో చెప్పమన్నారు. ఆ చౌకు వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలిసినదే. కుడి చేతి వైపు భవనాలు చెప్పారు, ఎడమ వైపువి దాదాపు వదిలేశారు. తరువాత చర్చి మెట్ల దగ్గర దానికి వీపు పెట్టి నిలబడ్డట్టు ఊహించుకోమన్నారు. ఇందాక వదిలేసినవన్నీ ఇప్పుడు వచ్చాయి, ఇందాక చెప్పినవి మాయమయ్యాయి! దీన్ని మన శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి తెచ్చి చూడండి. ఒక దిక్కుకు తిరిగి ఊహిస్తే సగం దుకాణాలు, వెనక్కి తిరిగి ఊహిస్తే మిగతా సగం. తెలిసిన సంగతి ఏదీ పోలేదు, అంతా లోపలే ఉంది. బొమ్మ కట్టేటప్పుడే సగం కట్టారు. కొట్లో పెట్టిన ఫొటోను బయటికి తీయడమే జ్ఞాపకమైతే ఇలా జరగడానికి వీల్లేదు.

ఇక లోపలికి పోయేది కూడా మొత్తం దృశ్యం కాదు. 1979లో నికర్సన్, ఆడమ్స్ అమెరికాలో రోజూ చేతులు మారే పెన్నీ నాణేన్ని చూడకుండా గీయమంటే జనం తడబడ్డారు. ఎవరి తల ఎటు తిరిగి ఉందో, ఏ అక్షరాలు ఎక్కడున్నాయో చాలామంది తప్పారు. అమెరికా దాకా ఎందుకు, 2018లో వచ్చిన పది రూపాయల నోటు వెనక ఏముందో అడగండి. కోణార్క సూర్య దేవాలయం ఉంది. అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి క్యూలో నిలబడి, జేబులో ఇంకో సూర్యుడి గుడి పెట్టుకుని, ఆ సంగతి తెలియనివాళ్లు మన జిల్లాలో తక్కువేమీ ఉండరు. నోటు చూసేది దాని విలువ తెలుసుకోవడానికి. రంగు కనిపిస్తే పని అయిపోతుంది, మెదడు అంతకుమించి శ్రమ పడదు. ఎందుకు చూస్తున్నామన్నది ఏం మిగలాలో నిర్ణయిస్తుంది.

ఇదంతా మెదడు అసమర్థతని నేననడం లేదు. ఆ మాట అనేవాళ్లతో నాకు ఇంకో పేచీ ఉంది. ఒకే పోలిక ఉన్న జ్ఞాపకాలను మెదడు కావాలనే ఎడంగా నెడుతుంది. బ్రైస్ కూల్ బృందం 2021లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకే రకం వస్తువులకు దగ్గర దగ్గర రంగులు వేసి, ఒక్కోదాన్ని ఒక్కో ముఖంతో జోడించి నేర్పారు. తరువాత గుర్తు తెచ్చుకోమంటే జనం ఆ రంగుల మధ్య ఉన్నదానికన్నా ఎక్కువ తేడా చూపించారు. అలా తేడాను పెంచుకున్నవాళ్లే ఏ ముఖానికి ఏ వస్తువో తక్కువగా తికమకపడ్డారు. రంగు విషయంలో తప్పి, గుర్తుపట్టడంలో నెగ్గారన్నమాట.

మా ఉద్దానం వాళ్లకు ఇది బాగా అర్థం కావాలి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న తీరం దాటింది, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. అన్నీ దసరా రోజుల చుట్టుపక్కలే. అన్నిటిలో గాలి, వాన, కొవ్వొత్తులు, తడిసిన బియ్యం. కలగాపులగం కాకుండా ఉండాలంటే ఏదో ఒకటి పెంచక తప్పదు. మా ఇంట్లో ఫైలిన్ అంటే వాన, హుద్‌హుద్ అంటే విశాఖలో ఉన్న పిన్నికి ఫోను కలవకపోవడం, తిత్లీ అంటే చెట్లు. ఫైలిన్‌లో గాలి లేదా? తిత్లీలో వాన లేదా? రెండూ ఉన్నాయి. కానీ తిత్లీ వాన గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. చెట్లు మాత్రం ఏటికేడాది ఇంకా పెద్ద చప్పుడుతో కూలుతున్నాయి.

కాబట్టి జ్ఞాపకంలోని బొమ్మ కాస్త వంకర కావడం దాని పనిలో భాగమే. చిక్కంతా స్పష్టతను నిజానికి తూకంగా వాడడంలో ఉంది. 2001 సెప్టెంబరు 11 దాడుల మరునాడే డ్యూక్ విశ్వవిద్యాలయంలో టలారికో, రూబిన్ 54 మంది విద్యార్థుల చేత ఆ వార్త ఎలా విన్నారో రాయించారు. దాడులకు కాస్త ముందు జరిగిన మామూలు సంఘటన ఒకటి కూడా రాయించారు. తరువాత కొందరిని వారానికి, కొందరిని ఆరు వారాలకు, మిగిలినవారిని 32 వారాలకు మళ్లీ అడిగారు. మొదట చెప్పినదానితో పొంతన రెండు జ్ఞాపకాల్లోనూ ఒకేలా తగ్గింది. దాడుల జ్ఞాపకం విషయంలో మాత్రం స్పష్టత, నమ్మకం తగ్గలేదు. భయం, దుఃఖం కలిసిన రాత్రుల గురించి "ఒక్కటీ మరచిపోలేదు" అనేవాళ్ల ధీమా ఎక్కడి నుంచి వస్తుందో దీనితో అర్థమవుతుంది.

ఇంట్లో చెట్టు దగ్గర ఆగితే దీని వల్ల ఎవరికీ నష్టం లేదు. కోర్టులో అయితే ఉంది. 1984లో అమెరికాలోని నార్త్ కరోలినాలో అత్యాచారానికి గురైన జెన్నిఫర్ థాంప్సన్ అనే విద్యార్థిని, బతికి బయటపడితే వాడిని పట్టివ్వాలని దాడి జరుగుతుండగానే ముఖాన్ని పట్టి పట్టి చూసింది. ఇంతకన్నా శ్రద్ధగా ఎవరు చూడగలరు? పోలీసులు చూపిన ఫొటోల్లో రొనాల్డ్ కాటన్‌ను ఎంచింది. తరువాత వరసలో నిలబెట్టిన మనుషుల్లోనూ అతణ్నే ఎంచింది. ఒక్కో ఎంపికతో ఆమె నమ్మకం గట్టిపడింది. పునర్విచారణలో అసలు నేరస్థుణ్ని కోర్టులోనే ఎదురుగా నిలబెడితే గుర్తుపట్టలేదు. పదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక, 1995లో డీఎన్‌ఏ పరీక్షతో కాటన్ నిర్దోషిగా బయటికి వచ్చాడు. మన దేశంలోనూ సాక్షులతో గుర్తింపు పరేడ్లు జరుగుతాయి. అక్కడ "ఖాయమేనా?" అని పదిసార్లు అడిగి గట్టి చేయడం కన్నా, మొదటిసారి సాక్షి ఏమన్నాడో, ఎంతసేపు తటపటాయించాడో రాసిపెట్టడమే ముఖ్యం.

అడిగే మాట కూడా బొమ్మలో కలిసిపోతుంది కనుక అలా అంటున్నాను. 1974లో లోఫ్టస్, పామర్ కార్లు గుద్దుకున్న చిన్న ఫిల్ము చూపించి, కొందరిని "కార్లు తగిలినప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని, కొందరిని "తుక్కుతుక్కుగా గుద్దుకున్నప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. వారం తరువాత, పగిలిన గాజు చూశారా అని అందరినీ అడిగారు. ఫిల్ములో గాజు పగలనేలేదు. మెత్తని మాటతో అడిగిన 50 మందిలో ఏడుగురు చూశామన్నారు. పెద్ద మాటతో అడిగిన 50 మందిలో పదహారు మంది. ఆ గాజుకూ మా వదిన తెచ్చిన మెరుపుకూ నాకు తేడా కనిపించదు. ఒకసారి బయటికి తీసిన జ్ఞాపకం మళ్లీ లోపలికి పోయేటప్పుడు చేతికి అంటినదాన్ని వెంట తీసుకుపోతుంది. గుర్తు తెచ్చుకున్న వెంటనే జ్ఞాపకం కొంతసేపు మెత్తబడి, మళ్లీ గట్టిపడవలసి వస్తుందని 2000లో కరీమ్ నాదర్, జోసెఫ్ లెడూ బృందం ఎలుకల భయ జ్ఞాపకాల మీద చూపించింది. పెద్దమ్మ ఇప్పుడు గుర్తు చేసుకుంటున్నది తిత్లీ రాత్రినా, కిందటిసారి మాకు చెప్పినదాన్నా అంటే రెండోదేనని నా పందెం.

మరి ఎవరి మాటా నమ్మకూడదా అని మా అన్నయ్య లాంటివాళ్లు ఎగతాళి చేస్తారు. ఊరి చరిత్రంతా నోటి మాటే కదా, అది కూడా కొట్టేస్తావా అంటారు. కొట్టేయను. 1973లో లయొనెల్ స్టాండింగ్ పదివేల బొమ్మలు చూపించి తరువాత పరీక్షిస్తే, చూసినదేదో చూడనిదేదో జనం చాలా వరకు సరిగ్గా చెప్పారు. 2019లో విల్మా బెయిన్‌బ్రిడ్జ్, క్రిస్ బేకర్ బృందం దృశ్యాల ఫొటోలు చూపించి, తీసేసి, తరువాత గుర్తున్నంత మేరకు గీయమంది. గీసినవాళ్లు చిత్రకారులేమీ కాదు. అయినా వస్తువులు బోలెడు వచ్చాయి, చాలా వరకు వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి. ఫొటోలో లేనివి చాలా అరుదుగా వచ్చాయి. ఎవరూ ప్రశ్నతో పొడవకుండా, ఆలస్యం చేయకుండా, తోచినంత బయట పెట్టనిస్తే మెదడు నమ్మకమైనదే. మనమే దాన్ని ప్రశ్నలతో, సర్దుబాట్లతో, టీవీతో పాడు చేస్తాం.

ఫోను ఉంది కదా, ఇక గుర్తెందుకు అనేవాళ్లు కూడా ఉన్నారు. లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన మ్యూజియం ప్రయోగంలో, ఫొటో తీసిన వస్తువులు ఊరికే చూసినవాటికన్నా తక్కువ గుర్తున్నాయి. వస్తువులో ఒక భాగాన్ని దగ్గరికి లాగి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం జరగలేదు. అంటే ఫోను కూడా ఎలా చూస్తున్నామన్నదాని మీదే ఆధారపడింది. తిత్లీ మరునాడు మా ఊళ్లో తీసిన ఫొటోల్లో చాలా భాగం ఒకేలా ఉంటాయి: దూరం నుంచి, తోట మొత్తం, పడిపోయిన మొదళ్లు. ఎవరి చెట్టు, ఏ గట్టు పక్కది, వేళ్లతో లేచిందా, నడిమికి విరిగిందా అన్నది వాటిలో తెలియదు. నష్టం లెక్క రాయడానికి వచ్చినవాళ్లకు కావలసింది సరిగ్గా అదే.

నన్నడిగితే, మా తీరంలో తుపాను వచ్చి వెళ్లిన మొదటి వారంలోనే ఊళ్లో హైస్కూలు పిల్లల చేతికి నోటు పుస్తకాలిచ్చి ఇంటింటికీ పంపాలి. చెట్టు కూలడం చూశారా అని అడగకూడదు. ఆ పూట ఏం జరిగిందో మీకు తోచిన వరసలో చెప్పండి అని, వాళ్లు ఆపే దాకా మధ్యలో మాట్లాడకూడదు. ఆ తరువాతే, మీరు ఎక్కడ ఉన్నారు, దీపం ఉందా, కిటికీ తెరిచి ఉందా, ఇది చూసినదా విన్నదా అని అడగాలి. ఇంట్లో ఇద్దరుంటే విడివిడిగా అడగాలి, ముఖ్యంగా కోడళ్లను అత్తగార్ల పక్కన కూర్చోబెట్టకూడదు. చివర్లో ఒక కాగితం ఇచ్చి ఇల్లు, నుయ్యి, చెట్లు ఎక్కడెక్కడున్నాయో గీయించాలి. బొమ్మ వంకరగా ఉన్నా ఫరవాలేదు. తేదీ వేసి, ఎవరూ దిద్దకుండా, పంచాయతీ ఆఫీసు బీరువాలో పెట్టాలి.